లంకెబిందెల వేట: గోరంట్ల గుట్టల మీద ఒక సమీక్ష

గోరంట్ల, పెనుకొండ, కదిరి ప్రాంతాల్లో పేపరు జిల్లా పేజీ చదివేవాళ్లకు ఒక వార్త బాగా అలవాటు. ఊరికి దూరంగా గుట్ట మీద పాడుబడ్డ గుడి, గర్భగుడిలో లోతైన గుంత, గట్టు మీద పసుపు, కుంకుమ, కోసిన నిమ్మకాయలు, పెకలించి పక్కన పడేసిన నంది. ఒకప్పుడు ఆ గుంత దగ్గర గడ్డపార, పార, గంప దొరికేవి. ఇప్పుడు పోలీసులు స్వాధీనం చేసుకునే సామాన్లలో మెటల్ డిటెక్టర్ కూడా ఉంటోంది. కొన్ని వేల రూపాయలు పెడితే ఆన్‌లైన్‌లో తెప్పించుకోగల యంత్రం అది. దాన్ని చేతపట్టుకుని రిజర్వు ఫారెస్టులో, కోటల మీద, కూలిన బురుజుల చుట్టూ తిరిగేవాళ్లు పెరుగుతున్నారు. యూట్యూబులో ఈ తిరుగుడు వీడియోలకు చూసేవాళ్లు కూడా ఎక్కువే.

ఈ వేట గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఒక కొసే పట్టుకుంటారు. పోలీసులకు ఇది నేరం, హేతువాదులకు మూఢనమ్మకం, కుర్రవాళ్లకు సాహసం. నమ్మకం ఎక్కడినుంచి వచ్చింది, యంత్రం నిజంగా ఏం చేయగలదు, చట్టం ఏం చెబుతోంది, పోతున్నదేమిటి అన్నవి ఒకచోట పెట్టి చూడకపోతే ఏ కొసా సరిగ్గా అర్థం కాదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. మన అడవుల్లో, కోటల్లో ప్రైవేటు వ్యక్తులు డిటెక్టరుతో వెతకడాన్ని అనుమతించకూడదు. అదే సమయంలో, దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో వస్తువు దొరికి నిజాయితీగా చెప్పినవాడికి చట్టం ఇస్తానన్నది ఇప్పించాలి. మొదటిదాని గురించి అందరూ మాట్లాడతారు. రెండోదాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. మొదటిది నిలబడాలంటే రెండోది ఉండాలి.

నమ్మకం గాల్లోంచి పుట్టలేదు. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు చనిపోయాక, తమ్ముడు తిరుమలరాయలు విజయనగరం ఖజానాను ఏనుగుల మీదికెక్కించి పెనుకొండకు చేరాడు. రాబర్ట్ సూయెల్ 1900లో అచ్చువేసిన విజయనగర చరిత్రలో ఆ ఏనుగులు 550 అని రాశాడు. ఆ లెక్కలో ఎంత నిజముందన్నది వేరే మాట. ఆ సొమ్ము మన గుట్టల మధ్యకే వచ్చిందన్నది మాత్రం ఊరూరా నిలిచిపోయింది. పక్కనే లేపాక్షి ఉంది. అచ్యుతరాయల కోశాధికారి విరూపణ్ణ రాజుగారి సొమ్ముతో గుడి కట్టించి, శిక్ష పడకముందే తన కళ్లు తానే తీసుకున్నాడన్న కథ వినని పిల్లవాడు ఈ జిల్లాలో ఉండడు. ఆ తర్వాతి వాళ్లు పాలెగాళ్లు. 1800లో దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్లను అణచివేశాడు. కోటలు పాడుబడ్డాయి. పాలెగాడు పారిపోతూ పాతిపెట్టిపోయాడన్న మాట ప్రతి కోటకూ ఒకటి మిగిలింది.

ఈ కథల్లో ఎవరూ ఆలోచించని సంగతి ఒకటుంది. పెనుకొండకు వచ్చిన ఖజానా భూమిలో పడుకోవడానికి రాలేదు. ఓడిపోయిన రాజ్యాన్ని మళ్లీ నిలబెట్టడానికి వచ్చింది. సైన్యానికి జీతాలివ్వాలి, గుర్రాలు కొనాలి, కోట గోడలు పెంచాలి. గోల్కొండ, బీజాపూరు సైన్యాలు మళ్లీ మళ్లీ పెనుకొండ మీదికి వచ్చాయి. చివరికి రాజధాని చంద్రగిరికి తరలిపోయింది. అన్ని యుద్ధాలు చేసిన వంశం దగ్గర పాతిపెట్టి మరిచిపోయేంత బంగారం మిగిలి ఉంటుందా? గుడుల సంగతి ఇంకా స్పష్టం. గుడికి ఏ ఊరి భూమి ఇచ్చారో, ఏ పన్ను వదిలారో, దీపానికి నూనె ఎక్కడినుంచి రావాలో రాతి మీద చెక్కించి అందరికీ కనబడేలా పెట్టారు. విజయనగర దానశాసనాల్లో అష్టభోగాలని చెప్పే ఎనిమిది హక్కుల వరసలో నిధి, నిక్షేపం కూడా ఉన్నాయి. ఇచ్చిన భూమిలో ఏదైనా దొరికితే అది దానం పుచ్చుకున్నవాడిదని రాజే రాసిచ్చాడు. గుడి ఆస్తి శాసనంలో ఉంది. గర్భగుడి కింద ఉందనడానికి ఆధారం లేదు.

అయితే భూమిలో ఏమీ లేదని కాదు. బ్యాంకులు లేని కాలంలో జనం కుండలోనో, రాగిచెంబులోనో దాచుకున్నారు. దొంగలొస్తే, దండు వస్తే పాతిపెట్టారు. కొందరు తిరిగొచ్చి తీసుకోలేకపోయారు. అవే నిజమైన నిధులు. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో 1,500 పైచిలుకు రోమన్ వెండి నాణేలు ఒకే నిక్షేపంగా దొరికాయి. రెండువేల ఏళ్ల కిందటి ఓడ వ్యాపారం లోపలి ఊళ్లదాకా ఎలా పాకిందో చెప్పే సాక్ష్యం అది. 2021 ఏప్రిల్లో జనగామ దగ్గర పెంబర్తిలో నేల చదును చేస్తుంటే రాగిబిందె బయటపడింది. అందులో సుమారు 190 గ్రాముల బంగారం, ఒకటిన్నర కిలోకు పైగా వెండి ఉన్నాయి. అధికారులు పంచనామా చేసి స్వాధీనం చేసుకున్నారు. పొలం దున్నేటప్పుడు, ఇంటి పునాది తీసేటప్పుడు, చెరువు పూడిక ఎత్తేటప్పుడు, రోడ్డు వేసేటప్పుడు ఇలాంటివి దొరుకుతుంటాయి. మాంత్రికుడు చూపించిన చోట, అమావాస్య రాత్రి, కోడిని కోసి తవ్విన గుంతలో దొరికిందని రికార్డుకెక్కిన నిక్షేపం నాకు తెలిసి ఒక్కటీ లేదు.

ఈ నేల మీద అదృష్టం మీద నమ్మకం చావకపోవడానికి వజ్రాలూ కారణమే. తొలకరి పడగానే వజ్రకరూరు, తుగ్గలి, జొన్నగిరి వైపు చేలల్లో జనం వంగి వెతకడం ఏటా చూస్తాం. పక్క జిల్లాలనుంచి వచ్చి చెట్ల కింద వంట చేసుకుంటూ రోజులు గడిపే కుటుంబాలున్నాయి. వజ్రకరూరు దగ్గర కింబర్లైట్ గొట్టాలున్నాయి. అంటే భూమి లోతుల్లోంచి వజ్రాలను పైకి తెచ్చిన రాతి స్తంభాలు. వాన వాటి మట్టిని కడిగి పైకి తెస్తుంది. కాబట్టి ఆ వెతుకులాటకు భూగర్భ శాస్త్రంలో పునాది ఉంది. రామగిరిలో బంగారు గనులు నిజంగానే నడిచాయి. నిజమైన వజ్రం, నిజమైన బంగారం ఉన్న చోట అబద్ధపు లంకెబిందెను అమ్మడం తేలిక.

ఎవరు కొంటున్నారన్నది అసలు విషయం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన పడే పీఠభూమి ఇది. చెనిక్కాయ పంట ఎండిపోతుంది. బోరు వేస్తే దుమ్ము వస్తుంది. ఇంకో బోరు వేస్తారు. నీళ్ల పాయింటు చూడటానికి అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడిచే మనిషిని పిలుస్తారు, టెంకాయ నిలబడిన చోట లక్ష రూపాయలు భూమిలో పోస్తారు. కంటికి కనబడని దాన్ని చూడగలిగేవాడు ఉంటాడన్న నమ్మకానికి కరువు రోజూ నీళ్లు పోస్తోంది. అప్పు తీర్చే దారి మూసుకుపోయిన ఇంటికి ఒకడొచ్చి, మీ చేనులో నిధి ఉంది, నాగుపాము కాపలా ఉంది, అంజనం వేస్తే కనిపిస్తుంది అంటాడు. పూజ సామానుకు ఇంత, స్వామికి ఇంత, మిషనుకు ఇంత. ఉన్న రెండు తులాల బంగారం కూడా ఆ గుంతలోనే పోతుంది. బియ్యాన్ని లాక్కుంటుందని నమ్మించే రైస్ పుల్లింగ్ చెంబు, ఇరిడియం, రెండు తలల పాము పేర్లతో నడిచే మోసాలన్నీ ఈ అంగడివే. వీటిని మూఢనమ్మకం అని ఒక్క మాటతో తోసేసేవాళ్లను నేను ఒప్పుకోను. ఆ రైతుకు చదువు తక్కువై మోసపోవడం లేదు. అతనికి ఇంకో దారి చూపించినవాడు లేకపోవడంవల్ల మోసపోతున్నాడు.

ఈ వేట రక్తం కూడా చూసింది. 2019 జూలైలో తనకల్లు మండలం కొర్తికోటలో శివాలయం దగ్గర ముగ్గురిని గొంతు కోసి చంపేశారు. గుప్తనిధుల ముఠాల మీదికి అప్పట్లో అనుమానాలు పోయాయి. అంత దూరం వెళ్లని సందర్భాల్లో కూడా చేటు తక్కువేమీ కాదు. నంది పొట్టలో వజ్రాలుంటాయని నందిని పగలగొడతారు. లింగం కింద నవరత్నాలుంటాయని లింగాన్ని పెకలిస్తారు. వీరగల్లు కింద బంగారముందని, ఊరి ఆవులకోసం పోరాడి చచ్చిన మనిషి జ్ఞాపకంగా నిలిపిన రాయిని పక్కకు దొర్లిస్తారు. హేమావతిలో నొలంబుల శిల్పం, పెనుకొండలో విజయనగర నిర్మాణం, గోరంట్ల మాధవరాయస్వామి గుడి స్తంభాల మీది చెక్కడం చూసినవాళ్లకు ఈ సీమలో రాయి ఎంత మాట్లాడగలదో తెలుసు. అంత గొప్పవి కాకపోయినా, పేరులేని గుట్ట మీది చిన్న గుడి కూడా ఒక ఊరి చరిత్రలో మిగిలిన ఏకైక కాగితం కావచ్చు. దానికి కాపలా లేదు, గేటు లేదు. ముందుగా పోయేది అదే.

ప్రభుత్వాలు కూడా ఈ మాయలో పడ్డాయని చెప్పకపోతే అన్యాయం. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా డౌండియా ఖేడాలో వెయ్యి టన్నుల బంగారముందని ఒక సాధువుకు కల వచ్చిందంటే, కేంద్ర పురావస్తు శాఖ దేశమంతా టీవీల్లో చూస్తుండగా తవ్వింది. కుండపెంకుల్లాంటివి దొరికాయి, బంగారం దొరకలేదు. మనకు ఇంకా దగ్గరది కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోట. 2017 డిసెంబరులో అక్కడ అధికారుల సమక్షంలోనే నిధికోసం తవ్వకాలు జరిగాయి. ఊరివాళ్లు అడ్డుపడ్డారు. ఇటుకలు, ఎముకలు బయటపడ్డాయి, నిధి మాత్రం లేదు. పగలు అనుమతితో ప్రభుత్వం చూస్తుండగా తవ్వితే తప్పు కానిది, రాత్రి మేం తవ్వితే తప్పెలా అవుతుందని అడిగే వేటగాడికి ఆ కోట దగ్గర జవాబు లేకుండా పోయింది. ఆ తవ్వకం చేసిన పెద్ద నష్టం అదేనని నా నమ్మకం.

ఇక యంత్రం. చేతిలో డిటెక్టర్ ఉంటే కొండ కిందిది కూడా కనబడుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. అది చేసేది చాలా చిన్న పని. కింది తీగచుట్టలో మారుతూ ఉండే విద్యుత్తు ప్రవహిస్తుంది, దాని అయస్కాంత క్షేత్రం భూమిలోకి దిగుతుంది. అక్కడ లోహం ఉంటే అందులో చిన్న సుడి ప్రవాహాలు పుడతాయి. వాటి ప్రతిధ్వనిని యంత్రం పట్టుకుని కూత వేస్తుంది. ఈ సూత్రానికి 140 ఏళ్లు దాటాయి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాను వెతకడానికి టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ ఇలాంటి పరికరమే తయారుచేశాడు. మంచంలోని లోహపు స్ప్రింగులు దాన్ని తికమకపెట్టాయని చెబుతారు. తూటా దొరకలేదు, అధ్యక్షుడు బతకలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండు ఇంజనీరు యూజెఫ్ కొసాత్స్కీ మందుపాతరలు వెతికే యంత్రంగా దాన్ని తీర్చిదిద్దాడు. ఇప్పుడు దొరికేవి ఆ వంశానివే.

ఈ యంత్రం నాణెమంత వస్తువును జానెడు లోతులో, మహా అయితే ఇంకాస్త కింద పట్టగలదు. బిందెంత పెద్ద లోహమైతే మామూలు యంత్రం ఒక మీటరు దాకా పోవచ్చు. పది అడుగులు, ఇరవై అడుగులు అన్నది అబద్ధం. బంగారానికి ప్రత్యేకమైన కూత లేదు. సిగరెట్టు పెట్టెలోని రేకు, మందు సీసా మూత, చిన్న బంగారు నాణెం ఒకదానికొకటి దగ్గరి శబ్దమే ఇస్తాయి. మన ఎర్రనేలల్లో ఇంకో చిక్కుంది. ఎరుపంటేనే ఇనుప ఆక్సైడు. ఆ ఖనిజం ఎక్కువగా ఉన్న నేల మీద యంత్రం వట్టి మట్టికి కూడా కూస్తుంది. దాన్ని నమ్మి తవ్వినవాడికి నాగలి కర్రు ముక్క, లారీ బోల్టు, ఎద్దు నాడా దొరుకుతాయి. పొడవాటి కడ్డీలతో కిలోమీటరు దూరంలోని బంగారాన్ని చూపిస్తామని లక్షలకు అమ్మే లాంగ్ రేంజ్ లొకేటర్లు పూర్తిగా దగా. గోల్ఫ్ బంతులు వెతికే బొమ్మలాంటి దాన్నే బాంబులు కనిపెట్టే యంత్రమని ఇరాక్ తదితర దేశాలకు అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్‌కు 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ల జైలు వేసింది. ఆ యంత్రాన్ని నమ్మి చెక్‌పోస్టుల్లో నిలబడినవాళ్ల ప్రాణాలు పోయాయి.

యంత్రం చెడ్డదని నేననడం లేదు. అమెరికాలో లిటిల్ బిగ్‌హార్న్ అనే యుద్ధభూమిలో 1983లో గడ్డి తగలబడ్డాక, మరుసటి ఏడాది పురావస్తు శాస్త్రజ్ఞులు డిటెక్టర్ అభిరుచి ఉన్నవాళ్లనే వెంటపెట్టుకుని ఆ నేలంతా గాలించారు. ప్రతి తూటా, ప్రతి ఖాళీ తొడుగు దొరికిన చోటును మ్యాపు మీద గుర్తించారు. ఏ తుపాకీ ఎక్కడినుంచి ఎక్కడికి కదిలిందో తేలి, 1876 నాటి యుద్ధం కథ కొంత తిరగరాయాల్సి వచ్చింది. గుత్తి కోట చుట్టూ, పెనుకొండ కోటగోడల కింద ఇలాంటి పని జరిగితే ముట్టడుల చరిత్రకు ఎన్ని కొత్త పేజీలు చేరతాయో. తేడా అంతా అక్కడే ఉంది. వాళ్లు వస్తువు కోసం వెతకలేదు, చోటు కోసం వెతికారు.

చోటు పోతే ఏం పోతుందో చెప్పడానికి తెలుగు నేలలో కోటిలింగాల కంటే మంచి ఉదాహరణ లేదు. గోదావరి ఒడ్డున ఆ ఊళ్లో దొరికే పాత నాణేలను సంగనభట్ల నరహరి శర్మ ఓపికగా సేకరించి, ఎక్కడివో చెప్పి, శాసన పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి దృష్టికి తెచ్చారు. వాటి మీద గోబద, నారన, కంవాయ, సమగోప వంటి పేర్లున్నాయి. అప్పటిదాకా చరిత్రకు తెలియని రాజులు వాళ్లు. ఆ తర్వాత జరిగిన తవ్వకాలు, అక్కడే దొరికిన తొలి శాతవాహనుడి నాణేలు కలిసి, శాతవాహనుల మొదటి అడుగులు గోదావరి ఒడ్డునే పడ్డాయన్న వాదానికి బలమిచ్చాయి. అవే నాణేలు ఊరు పేరు లేకుండా హైదరాబాదు అంగట్లో దొరికి ఉంటే? నాలుగు రాగి, సీసపు బిళ్లలు, అంతే. భూమిలోంచి వస్తువును గుట్టుగా పెకలించడం, గ్రంథంలోని అక్షరాలను గీకి సిరాను సీసాలో పోసుకున్నట్టుంటుంది. సిరా మిగులుతుంది, రాసింది పోతుంది.

జర్మనీలో నెబ్రా దగ్గర అడవిలో 1999లో ఇద్దరు దొంగవేటగాళ్లకు డిటెక్టరుతో ఒక కంచు పళ్లెం దొరికింది. దాని మీద బంగారు రేకుతో సూర్యుడో పూర్ణచంద్రుడో, నెలవంక, చుక్కలు. 3,600 ఏళ్ల కిందటి ఆకాశ చిత్రం అది. తవ్వే పనిముట్టు తగిలి పళ్లెం దెబ్బతింది. మరునాడే దాన్ని అమ్మేశారు. 2002లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో పోలీసులు వల పన్ని పట్టుకున్నారు. దొరికిన చోటు వాళ్ల నోటివెంట తెలిసి, మట్టి పరీక్షలతో రుజువయ్యాకే ఆ పళ్లెం నకిలీ కాదని ప్రపంచం నమ్మింది. మన దగ్గర కల్యాణదుర్గం వైపు రాక్షసగుళ్లను చూడండి. ఇనుప యుగపు సమాధులవి. అందులో ఉండేది బంగారం కాదు. కుండలు, ఇనుప కత్తులు, ఎముకలు. వేటగాడికి పనికిరావు కాబట్టి బయటికి విసిరేస్తాడు. ఆ మనుషులు ఏం తిన్నారో, ఎప్పుడు బతికారో చెప్పగలిగేవి ఆ ఎముకలే.

చట్టం దగ్గరికి వద్దాం. దొరికిన నిధి ఎవరిదన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో నిధి చూపించినవాడికి ఆరో వంతు, కూలివాడు చూపిస్తే పన్నెండో వంతు అని లెక్క పెట్టాడు. ఇప్పటికీ మనల్ని ఏలుతున్నది 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం. నేలలో దాగి, పది రూపాయలకు పైగా విలువచేసే ఏ వస్తువు దొరికినా, దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఎప్పుడు అన్నవి రాసి, వస్తువును ట్రెజరీలో జమ చేయాలి, లేదా జామీను ఇవ్వాలి. కలెక్టరు ప్రకటన ఇచ్చి, నాలుగు నెలలు దాటాక, ఆరు నెలల లోపు విచారిస్తాడు. వందేళ్ల లోపు ఎవరైనా దాచిందని తేలితే సివిల్ కోర్టు దారి. హక్కుదారు ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. ప్రభుత్వం ఉంచుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి కట్టి తీసుకోవాలి. దాచిపెట్టినవాడికి వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు.

మళ్లీ చదవండి. మన చట్టం దొరికినవాడి ముప్పాతిక వాటాను గుర్తిస్తోంది! ఈ సంగతి గోరంట్ల సంతలో ఎంతమందికి తెలుసు? అందరికీ తెలిసింది ఒక్కటే, చెబితే పోలీసులొస్తారు, తీసుకుపోతారు, ఆ పైన మిగతాది ఎక్కడ దాచావని స్టేషనుకు పిలుస్తారు. ఆ భయంవల్లే కూలీలకు దొరికిన నాణేలు రాత్రికి రాత్రి పంపకాలై తెల్లారేసరికి కంసాలి మూసలో కరుగుతాయి. నిజాయితీకి దండన, దొంగతనానికి లాభం ఉన్నంతకాలం ఏ చట్టమూ వస్తువును కాపాడలేదు. చట్టంలో ఇంకో లోటు కూడా ఉంది. విలువను లోహం బరువుతో కడితే, రెండువేల ఏళ్ల సీసపు నాణేనికి ఎవరేం ఇస్తారు? 1878లో ఆ లెక్క సరిపోయి ఉండవచ్చు. ఇప్పుడు సరిపోదు.

మిగతా చట్టాలు గట్టివే. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, రాష్ట్రానికి 1960 నాటి చట్టం ఉన్నాయి. రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వడం నేరం. 2010 సవరణతో కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్లు నిషిద్ధం, ఆపైన రెండువందల మీటర్లు నియంత్రిత ప్రాంతం అయ్యాయి. వందేళ్లు దాటిన పురావస్తువులను, 75 ఏళ్లు దాటిన రాతప్రతులను 1972 నాటి పురావస్తువుల చట్టం కాపాడుతుంది, ప్రైవేటు ఎగుమతిని పూర్తిగా నిషేధిస్తుంది. రిజర్వు ఫారెస్టులో గడ్డపార వేయడం అటవీ చట్టం కిందే తప్పు. అంటే అడవిలో డిటెక్టరు పట్టుకుని తిరిగే కుర్రవాడు యంత్రం కొన్నందుకు కాకపోయినా, మొదటి గుంత తీసినప్పుడు మాత్రం చట్టాన్ని దాటుతున్నాడు.

బ్రిటన్‌ను చూసి మనం కూడా డిటెక్టరిస్టులకు లైసెన్సులివ్వాలనేవాళ్లున్నారు. అక్కడ 1996 నాటి ట్రెజర్ చట్టం ఉంది. పొలం యజమాని ఒప్పుకుంటే వెతకవచ్చు. నిధి అనదగ్గది దొరికితే 14 రోజుల్లో చెప్పాలి. 1997లో మొదలైన పోర్టబుల్ యాంటిక్విటీస్ పథకం కింద ప్రాంతానికొక అధికారి ఉండి, జనం తెచ్చిన వస్తువులను చూసి, కొలిచి, చోటుతో సహా నమోదు చేస్తాడు. అలా 15 లక్షలకు పైగా వస్తువులు రికార్డుకెక్కాయి. 2009లో స్టాఫర్డ్‌షైర్‌లో టెర్రీ హెర్బర్ట్‌కు దొరికిన ఆంగ్లో-శాక్సన్ బంగారానికి 32 లక్షల 85 వేల పౌండ్లు విలువ కట్టి, అతనికీ భూమి యజమానికీ చెరిసగం ఇచ్చారు. వస్తువులు మ్యూజియంలకు చేరాయి. ఆ దేశంలో కూడా రాత్రిళ్లు దొంగచాటుగా తవ్వేవాళ్లు ఉన్నారు. గ్రీసు, ఇటలీ, స్వీడన్ వంటి దేశాలు కఠిన దారి పట్టాయి.

ఆ లైసెన్సు మనకు కుదరదని నా అభిప్రాయం. దాని వెనక ఉన్న అధికారుల వల మనకు లేదు. పురావస్తు శాఖలో మనుషులే చాలరు. ఎన్ని గుట్టల మీద ఎన్ని గుడులున్నాయో పూర్తి జాబితా కూడా లేదు. ఇలాంటి చోట లైసెన్సు ఇస్తే అది ముఠాలకు గుర్తింపు కార్డు అవుతుంది. కానీ బ్రిటన్ నుంచి తెచ్చుకోవలసింది ఇంకొకటి ఉంది. దొరికినదాన్ని భయం లేకుండా చూపించే ఒక మనిషి, ఒక బల్ల. జిల్లాకు ఒక నమోదు అధికారి చాలు. ఉపాధి హామీ పనిలో, చెరువు పూడికలో, పునాదిలో ఏది దొరికినా ఆ మనిషికి ఫోను చేస్తే, వచ్చి ఫొటో తీసి, చోటు గుర్తించి, దొరికినవాడి పేరు రాసి, రసీదు ఇవ్వాలి. కలెక్టరు ద్వారా వాటా గడువులోపు అతని చేతికి అందాలి. మ్యూజియంలో ఆ వస్తువు కింద ఆ కూలీ పేరు ఉండాలి. పురావస్తు శాఖకు, ఊరి ఉపాధ్యాయులకు, డిగ్రీ కాలేజీల చరిత్ర శాఖలకు కలిపి మండలాల వారీగా గుడులు, శాసనాలు, వీరగల్లుల సర్వే అప్పగించవచ్చు. డిటెక్టరు సరదా ఉన్న కుర్రవాళ్లను కూడా ఆ సర్వేలోకి, శాస్త్రజ్ఞుల చేతికింద తీసుకోవచ్చు.

ఈ పనికి గోరంట్లకు ఒక అనుకోని వసతి ఉంది. మండలంలోని పాలసముద్రంలో కస్టమ్స్, పరోక్ష పన్నులు, మాదకద్రవ్యాల జాతీయ శిక్షణ అకాడమీ 2024 జనవరి 16న ప్రారంభమైంది. విగ్రహాలు, నాణేలు దేశం దాటే చోట ఆపాల్సింది అక్కడ శిక్షణ పొందే అధికారులే. తరగతి గదికి చుట్టుపక్కలే పెనుకొండ, లేపాక్షి ఉన్నాయి. ఒక పగలగొట్టిన నందిని, ఒక పెకలించిన వీరగల్లును కళ్లారా చూసిన అధికారికి ఎయిర్‌పోర్టులో పెట్టె తెరిచినప్పుడు ఆ రాయి ఎక్కడినుంచి వచ్చిందో అడగాలనిపిస్తుంది.

చేనులో, ఇంటి పునాదిలో, చెరువులో మీకు పాతది ఏదైనా దొరికితే నాలుగు పనులు చేయండి. దాన్ని కడగవద్దు, రుద్దవద్దు. దొరికిన చోటును అలాగే ఉంచి ఫోనుతో నాలుగు ఫొటోలు తీయండి. ఇంకా తవ్వకండి. ఏం దొరికింది, ఎక్కడ, ఏ తేదీన అన్నది కాగితం మీద రాసి కలెక్టరుకు, తహసీల్దారు ద్వారానైనా సరే, పంపి, ఒక నకలు మీద సంతకం తీసుకోండి. ఆ కాగితం ఉంటే మీ వాటాను చట్టం ప్రకారం అడిగే హక్కు మీకుంది. గుట్ట మీద గుడిలో గుంత కనబడితే చూసీచూడనట్టు రాకుండా పోలీసులకు చెప్పండి. మీ ఇంటికి అంజనం వేస్తానని వచ్చినవాడిని గడప దాటనివ్వకండి.